తల కప్పుకోని ఫోటో

అమ్మను కొలంబో తీసుకుపోయి ఇక నా దగ్గరే ఉంచుకుంటానని చెప్పినప్పుడు, ఆమె అక్కడ ఎలా ఉంటుందో, ఏం తింటుందో మా పెదనాయన అడగలేదు.

"ఆడ మంగలి దొరుకుతాడా?" అన్నాడు.

పాకాలలో మా ఇంటి వసారా. ఆయన పడక కుర్చీలో ఉన్నాడు. నేను కొలంబోలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో పనిచేసేవాణ్ణి. ఎవరెవరో చెప్పింది రాసుకోవడం, దాన్ని సగానికి తగ్గించడం నా ఉద్యోగం. ఎదుటివాడు ఎంత అడ్డగోలుగా మాట్లాడినా ముఖం మారకుండా వినడం నాకు అలవాటే. ఆ రోజు ఆ అలవాటు పనిచేయలేదు.

"మంగలి ఎందుకు పెదనాయనా?"

"ఎందుకేమిరా? నెలనెలా ఎవురు తీస్తారు మీ అమ్మకి? సముద్రం దాటిపోయి జుట్టు పెంచుకోని కూర్చుంటే ఈడ మేము తలెత్తుకోని తిరగొద్దా?"

నాయన పోయింది యుద్ధం రోజుల్లో. ఓడలు సరిగా నడవని కాలం. నేను పాకాల స్టేషన్లో దిగేసరికి పదోరోజు దాటిపోయింది. మా శాఖలో భర్త పోయిన ఆడమనిషికి ఆ రోజే తల గొరిగిస్తారు. అప్పటికే చిత్తూరులో, తిరుపతిలో ఎన్నో ఇళ్ళవాళ్ళు ఆ పని మానేశారు. మా ఇంట్లో మానలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టేటప్పటికి అమ్మ తెల్లచీర కొంగు కనుబొమల దాకా లాక్కొని తలుపు వెనక్కి జరిగింది. కన్నకొడుకును చూసి వెనక్కి జరిగింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

పెదనాయన చిత్తూరులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేసినవాడు. కోర్టులో నలుగురూ నవ్వుతున్నారని వయసులో ఉన్నప్పుడే పిలక తీసేసి క్రాపు పెట్టుకున్నాడు. హోటల్లో ఎవరు కాచారో అడగకుండా కాఫీ తాగేవాడు. తన తల దగ్గర ఆయనకు శాస్త్రం ఎప్పుడూ అడ్డం రాలేదు. మరదలి తల దగ్గర మాత్రం అక్షరం పొల్లు పోకూడదు.

అమ్మకు అరవై దాటాయి. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది. బావి దగ్గర స్నానం చేసి, తడిచీరతోనే పొయ్యి ముందు కూర్చొని ఇంటిల్లిపాదికీ వండేది. తాను తినేది ఒక్కపూట. రాత్రికి గుప్పెడు అటుకులు. కొన్నేళ్ళకు మళ్ళీ సెలవుకు వచ్చి నాలుగు రోజులు ఇదంతా చూశాక ఆమెను అక్కడ వదిలి వెళ్ళకూడదని తేల్చుకున్నాను. అమ్మ కూడా, "వస్తాలే నాయనా, ఈడ నాకేముండాది?" అంది.

అడ్డం పడింది ఫోటో.

అంతకు ముందు కొలంబో పోవాలంటే రైలెక్కి ధనుష్కోటి దగ్గర ఓడలోకి మారితే చాలు. స్వాతంత్ర్యం వచ్చాక అటూ ఇటూ ప్రభుత్వాలు మారాయి, కాగితాలు మొదలయ్యాయి. వాటి మీద ఫోటో అంటించాలి. చిత్తూరులో అమ్మ కొంగు కప్పుకొని దిగిన ఫోటో పంపిస్తే తిరిగివచ్చింది. తల మీద గుడ్డ ఉండకూడదట.

ఆ మాట చెప్పగానే అమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపింది.

"ఎవురో మొగవాడి ముందర నేను కొంగు తియ్యాలా?"

"ఒక్క క్షణమమ్మా."

"నువ్వు చూసినావా నా తల? కడుపున పుట్టిన నువ్వే చూళ్ళేదు. నా వల్ల కాదు నాయనా. నేనీడే పడుంటాను. నువ్వు పోయిరా." మళ్ళీ బియ్యంలోకి తల వంచింది.

వసారాలోంచి పెదనాయన అందుకున్నాడు. "చూసినావురా? ఆ స్వామే అడ్డం పడినాడు. మానం మర్యాద ఉండే ఆడది ఎట్లా తీస్తుంది?"

ఆ తలను బోడి చేయించింది ఆయన. అది ఎవరికైనా కనబడితే సిగ్గుచేటని చెబుతున్నదీ ఆయనే. చేసినవాళ్ళకు లేని సిగ్గు ఆమె ఎందుకు మోయాలో నాకు అర్థం కాలేదు. గట్టిగా అరిచాను కూడా. ఆయన విసనకర్ర తిప్పుకుంటూ కూర్చున్నాడు.

సెలవు అయిపోవస్తోంది. వెళ్ళేముందు తిరుపతి తీసుకుపొమ్మని అమ్మ అడిగింది. నేనేదో ఉపాయం పన్ని తీసుకెళ్ళానని పెదనాయన చివరిదాకా నమ్మాడు. నాకు అంత తెలివి లేదు. దర్శనం అయింది, కొండ దిగాం. రైలుకు ఇంకా టైముంది. ఎండకు ఆగలేక ఒక ఫోటో స్టూడియో పంచలో నిలబడ్డాం. అంతే.

లోపల మొక్కు తీర్చుకొని వచ్చిన జంట ఒకటి ఉంది. బంగారుపాళ్యం వైపు రైతులు. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ గుండ్లే. ఆమె నుదుట రూపాయంత కుంకుమ.

"ఫోటో అప్పా, ఈ రెండు గుండ్లల్లో నా పెండ్లాం ఏదో కనుక్కో సూద్దాం!" అన్నాడు అతను.

"మీసాలుండేది నీది. గమ్మునుండు," అంది ఆమె.

స్టూడియో అతను నవ్వలేదు. రోజూ వినే హాస్యమేమో. గంధం గిన్నె ముందుకు జరిపి, "పూసుకోండమ్మా, లేకపోతే దీపం తగిలి తల మెరిసిపోతాది, మొగం సరిగా పడదు," అన్నాడు. ఆమె తన తలకు పూసుకొని, మొగుడి తలకు పూసి, ఆఖరున వాడి చెంపకు కూడా రాసి పకపకా నవ్వింది.

అమ్మ వాకిట్లోంచి చూస్తూ ఉంది. నేను పక్కనే ఉన్నా ఆ సంగతి మరచిపోయినట్టుంది.

"సిగ్గుగా లేదామ్మా నీకు? ఇంతమందిలో?" అని అడిగింది ఆమెను.

"సిగ్గేలమ్మా? నా యెంటికలు, నేనిచ్చినాను." ఆమె అమ్మ వైపు పరీక్షగా చూసింది. తెల్లచీర, బోసి నుదురు. అప్పుడు అర్థమైనట్టుంది, నవ్వు ఆపేసింది. "మీది మొక్కు కాదు గదమ్మా," అంది మెల్లగా.

"కాదు తల్లీ."

వాళ్ళ ఫోటో అయిపోయింది. అమ్మ లోపలికి వెళ్ళి అదే స్టూలు మీద కూర్చుంది. కొంగు తీసి భుజాన వేసుకుంది. నెరిసిన మొలకలు, వెనక ఒకచోట కత్తి గాటు మానిన మచ్చ. మా అమ్మ తలను మొదటిసారి చూడటం అదే. చూడలేక వీధి వైపు తిరిగాను.

"గంధం నువ్వే పుయ్యమ్మా," అంటోంది అమ్మ ఆ రైతు భార్యతో.

ముండమోసిన మనిషి గంధం ముట్టకూడదు. ఆ మాట మా అమ్మకు ఎవరూ గుర్తు చేయనవసరం లేదు.

రైల్లో కిటికీ దగ్గర కూర్చుంది. గంధం ఎండి పెచ్చులు కడుతున్నా కొంగు మాత్రం పైకి లాక్కోలేదు. చంద్రగిరి దాటాక అంది: "ఆ పిల్ల తనే పోయి కూర్చుంది రా. నన్ను కూర్చోబెట్టినారు. ఇద్దరు పట్టుకున్నారు."

పట్టుకున్నారని నాకు అంతవరకూ తెలియదు. ఎవరని అడిగాను. ఆమె ఒడిలోకి రాలిన గంధం పెచ్చులు దులుపుకుంది.

స్టేషన్ నుంచి ఇంటిదాకా అట్లాగే నడిచింది. వీధి అరుగుల మీద వాళ్ళు మాటలు ఆపి చూశారు. పెదనాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమిరా ఇది! తల మీద కొంగేది మీ అమ్మకి?" అన్నాడు నాతో.

కాపురానికి వచ్చిన నాటి నుంచి అమ్మ ఆయన ఎదుటపడి మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి పిల్లలతో చెప్పించేది. ఆ రోజు వసారాలో ఆయన ఎదుటే నిలబడింది.

"ఫోటో దిగినాను బావగారూ. కాగితం వస్తూనే నేను పోతాను. ఆడ మంగలి దొరకడు. పెరిగితే పెరగనీ."

ఆయన నోరు తెరిచాడు. ఆచారం గురించో, వంశం గురించో మొదలుపెడతాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అమ్మ వైపు చూడనే లేదు. నా వైపే తిరిగాడు.

"అయితే ఈడ వంట ఎవురు చేస్తారురా?" అన్నాడు.