దాణాకు పంపిన నవల

మొన్న ఆదివారం మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, సెల్‌ఫోనులో ఏదో నవలకు చుక్కలు పెడుతూ కనిపించింది. ఐదు చుక్కల్లో రెండు మాత్రం వెలిగించి, ఇక ఆ పుస్తకం పని అయిపోయినట్టే ఫోను పక్కన పడేసింది. ఎంతవరకు చదివావే అని అడిగితే, నలభై పేజీలు అమ్మమ్మా అంది, అదీ ఏ కొంచెమూ సిగ్గుపడకుండా. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత ఒళ్ళు మండింది, ఆ మంట చల్లారాక మాత్రం నేను తిరుపతిలోని ఈ ఇంట్లో లేను, నలభై అయిదేళ్ళు వెనక్కి వెళ్ళి చిత్తూరులో మా వీధి చివర బాడుగ పుస్తకాల అంగడి ముందు నిలబడి ఉన్నాను. నవలల మీద ఉన్నదున్నట్టు మాట్లాడి ఊరి నోట్లో పడ్డదాన్ని నేను. ఆ విద్యలో ఇది నాకు నేర్పేదేముంది!

నా ఈడువారికి బాడుగ పుస్తకాల అంగడి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మా వీధి అంగడిని నడిపే ఆయన్ని మేమంతా బైండింగు మామ అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి, వరసగా పేర్చి, మైదా జిగురు పూసి, అట్ట వేసి, వెన్నుకు గుడ్డ అంటించి ఆయన తయారుచేసిన నవలలు, అసలు అచ్చయిన నవలలకంటే గట్టిగా ఉండేవి. ఒక్కో పేజీ వెనకాల సగం వంటా, పావు జాతకఫలమూ కూడా ఉచితంగా వచ్చేవి. నాయిక కన్నీరు కారుస్తున్న పేజీ తిప్పితే వెనక గుత్తివంకాయ కూర ఉండేది, నేను రెండూ వదిలేదాన్ని కాదు.

మా నాయనది బెల్లం మండీ. ఐరాల వైపు నుంచి రైతులు బండ్లలో తెచ్చిన బెల్లం దిమ్మలను దించగానే, నాయన ఒక మూల చిదిపి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కొంతసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, ఆ తరువాత రకం కట్టేవాడు. మూడే రకాలు. ఒకటో రకం, రెండో రకం, దాణాకు. దాణాకు అంటే మాడిందనో, పులిసిందనో, మనుషులకు పనికిరాక పశువుల తిండిలోకి పోయేదని. మండీలో ఒక కట్టుబాటు ఉండేది. రుచి చూడకుండా రకం కట్టకూడదు, కట్టిన రకానికి కారణం రైతు మొహం మీదే చెప్పాలి. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అన్నట్టు రైతులు గొణుక్కునేవారు, కానీ మళ్ళీ కోతకు మా మండీకే వచ్చేవారు. నాయన చదివింది అయిదో తరగతి. ఆయన చదివేవి పేపర్లో ధరలు, గోడకు వేలాడే పంచాంగం, అంతే.

పదో తరగతి పాసయ్యాక నన్ను కాలేజీకి పంపాలా వద్దా అని ఇంట్లో పెద్ద రభస జరిగింది. ఆడపిల్ల నవలలు చదివితే కళ్ళు నెత్తికెక్కుతాయని మా అవ్వ పట్టు. చివరికి నాయన నన్ను పిలిచి, ఇంటరులో చేరమన్నాడు, నవలలూ చదువుకోమన్నాడు, కానీ ఒక్క షరతు పెట్టాడు. "ఆ పుస్తకాల వల్ల ఒక్క మాట మన గడప దాకా వచ్చినాదంటే, పుస్తకాలూ బందు, కాలేజీ బందు" అన్నాడు. నాయన మాటంటే మండీలో పలికిన ధరలాంటిది, దానికి మళ్ళీ బేరం ఉండదు. నేను సరేనని తల ఊపాను, ఆ రోజు సాయంత్రమే మూడు నవలలు తెచ్చుకున్నాను.

ఇక నా దుర్గుణం చెబుతాను. బాడుగ పుస్తకాల చివర తెల్ల కాగితం ఒకటి ఉండేది గదా, దాని మీద అందరూ ఏదో ఒకటి గీకేవారు. బాగుంది అని ఒకరు, ఏడిపించేసింది అని ఒకరు, ఎవరో ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి మధ్యలో బాణం గుచ్చిన మహానుభావుడొకరు. నేను వాళ్ళలా ఊరుకుంటానా? బడి రోజుల్లోనే పెన్సిలుతో రకం కట్టడం మొదలుపెట్టాను. పేరు రాసేదాన్ని కాదు. పిల్లల సాహస నవలల్లో పన్నెండేళ్ళ మగపిల్లలు ముగ్గురు పాత కోటలో సొరంగం కనిపెట్టి దొంగలను పట్టుకుంటే, వాళ్ళ చెల్లెలు వెనకాల టిఫిను క్యారియరు మోసేది. బడి నుంచి చంద్రగిరి కోటకు తీసుకెళ్ళినప్పుడు నేనూ నా స్నేహితురాలూ సొరంగం కోసం వెతికి వెతికి గబ్బిలాల చేత తరిమించుకుని, టీచరమ్మ చేత తిట్లు తిని వచ్చాం. అయినా ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం, అందుకే రెండో రకం అని రాసి, కింద 'ఈ ఊళ్ళో ఆడపిల్లలు టిఫిను క్యారియరు మోయడానికేనా పుట్టింది?' అని చేర్చాను. మనవరాలు చదివే పుస్తకాల్లో ఆడపిల్లలు కత్తులు పట్టుకుని రాజ్యాలు కూలుస్తుంటే నాకు ఎంత సంతోషమో అది ఎరగదు, రెండు చుక్కలు పెట్టి పడేస్తుంది.

పాతకాలపు గొప్ప నవలలతో మాత్రం నేను బోల్తా పడ్డాను. ఒక దానిలో ఇంటి గడప దాటి లోపలికి పోవడానికే ముప్పై పేజీలు పట్టాయి, ఒక్కో వాక్యం పట్టుచీర కట్టుకుని నగలన్నీ పెట్టుకుని గానీ బయటికి రాదు. విసుగెత్తి 'నిద్రపట్టనివారికి ఒకటో రకం' అని వెక్కిరించాను. మరుసటి ఏడు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు వేరే దారి లేక దాన్నే మళ్ళీ తెప్పించుకుంటే, ఆ ముప్పై పేజీలూ దాటాక ఒక ముసలాయన తన కొడుకుకు క్షమాపణ చెప్పుకునే ఘట్టం దగ్గర దుప్పటి కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా వెక్కిరింత రబ్బరుతో చెరిపి, 'ఒకటో రకం, తప్పు నాదే' అని రాశాను. ఇప్పటికీ అంటాను, అలాంటి పుస్తకాలకు మనకు వయసు రావాలి, వాటికి వచ్చే వయసేమీ లేదు.

అసలు గొడవ ప్రేమనవల దగ్గర వచ్చింది. ఏడాది పైగా ఒక వారపత్రికలో సీరియలుగా వచ్చి, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పిచ్చెక్కించిన నవల అది. మామ దాన్ని కుట్టి అంగట్లో పెట్టిన రోజు చేతులు మారే వేగం చూస్తే సినిమా టిక్కెట్లు నయమనిపించింది. నాకు అందడానికి నెల పట్టింది. ఒక్క బిగిన చదివాను, నమ్మలేక మళ్ళీ చదివాను, మంటెత్తిపోయి, చివరి కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'దాణాకు' అని రాసి పారేశాను. కోపంలో కారణం రాయడం మరిచాను. అంతకంటే పెద్ద పొరపాటు, ఆ మాట మండీ మాటని, ఊళ్ళో మిగతావాళ్ళు ఎవరూ పుస్తకం మీద అలా రాయరని నా బుర్రకు తట్టలేదు.

ఆ వారం శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని బైండింగు మామ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ నవల. పక్కన మా వీధిలోనే ఉండే బ్యాంకు ఆఫీసరు భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, కళ్ళు ఎర్రగా. నాయన అప్పుడే అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడు. మామ నెమ్మదస్తుడు, చాలాసేపు నసిగి, ఆఖరికి పుస్తకం తెరిచి చూపించాడు. "అన్నా, ఇది మండీ మాట. ఇట్లా రాసే పిల్ల ఊర్లో యాడుండాది, మీ ఇంట్లో తప్ప? నా అంగడి పశువుల కొట్టమా అని ముగ్గురు కొట్లాడి పోయినారన్నా" అన్నాడు. నేను తలుపు వెనక నుంచే విన్నాను. కాలేజీలో చేరి అయిదు నెలలు, కొత్త వోణీ, పుస్తకాల సంచీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. లోపల నుంచి అవ్వ, "నేను ఆ పొద్దే చెప్పినా, వింటిరా?" అని అందుకుంది.

నాయన పిలిచాడు. వెళ్ళి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, మండీలో దిమ్మను తూచినట్టు చేతిలో తూచి, ఒక్కటే అడిగాడు. "కడదాకా సదివినావా?"

"రెండు తూర్లు సదివినాను నాయనా" అన్నాను.

"మరైతే ఎందుకు దాణాకో చెప్పు. రైతు ముందరే చెప్పాల. సరిగ్గా చెప్పలేకపోయినావా, రేపట్నుంచి కాలేజీ లేదు."

అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ధైర్యం. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. మూడో అధ్యాయంలో ఆ నాయకుడు అందరి ముందూ ఆ అమ్మాయి చెంప పగలగొడతాడని, పదో అధ్యాయంలో ఆ అమ్మాయే వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకుంటుందని, ఈ మధ్యలో వాడు మారిందేమీ లేదని, కొత్త కారు కొన్నాడంతేనని చెప్పాను. డిగ్రీ మొదటి తరగతిలో పాసైన అమ్మాయి ప్రేమలో పడగానే అక్షరం ముక్క రానిదానిలా ఎందుకయిందని అడిగాను. ఊళ్ళో ఇంతమంది ఆడపిల్లలు ఇది చదివి, చెంపదెబ్బ కొట్టేవాడే మగాడని నేర్చుకుంటే దానికి జవాబుదారీ ఎవరని అడిగాను. చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది, కానీ తల దించలేదు. అవ్వ కూడా నోరు మూసుకుంది, అది మా ఇంట్లో అపూర్వం.

అందరికంటే ముందు అత్త మాట్లాడింది. "నువ్వు చెప్పేదంతా నిజమే పాపా. నాకు తెలీక కాదు. పిల్లోళ్ళు బడికి, ఆయన బ్యాంకుకు పోయినాక, సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి యాడుండాది? ఆ పుస్తకంలో వాడు కడాన ఆ పిల్లను 'అన్నం తిన్నావా' అని అడుగుతాడు సూడు, ఆ ఒక్క పేజీ కోసం మూడుసార్లు బాడుగకు తెచ్చుకున్నా. దాన్ని పట్టుకుని దాణా అంటివే!" అన్ని పేజీలూ రెండుసార్లు చదివినదాన్ని, ఆ ఒక్క పేజీని ఆవిడ చదివినట్టు చదవలేదు.

నాయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు, మండీలో మూసుకున్నట్టే. తరువాత నాతో, "రకం కట్టింది తప్పు కాదు. కారణం రాయకుండా పోయినావే, అది తప్పు. ఎవరికి పనికిరాదో రాసినప్పుడు, ఎవరికి పనికొస్తాదో అదీ రాయాల" అన్నాడు. మామ వైపు తిరిగి, "నా కూతురు రేపు కాలేజీకి పోతాది. ఆ పుస్తకం ఈడ పెట్టిపో, తరవాత పంపిస్తా" అన్నాడు. నేను లోపలికి పరిగెత్తి, బియ్యం డబ్బా పక్కన కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాను, నవ్వాను, రెండూ చేశాను.

మామ మరుసటి వారమే నన్ను పిలిపించాడు. పేజీలు కుట్టేటప్పుడు తనకూ అనిపించే మాటలే నేను చెప్పానట, వ్యాపారం గదా అని నోరు కట్టుకున్నాడట. ప్రతి పుస్తకం మొదట్లో ఒక తెల్లచీటీ అంటించాడు. ఇకమీదట పెన్సిలుతో దొంగతనంగా కాదు, సిరాతో, దర్జాగా రాయమన్నాడు. ఆ ప్రేమనవల పది రోజుల తరువాత మండీ నుంచి తిరిగొచ్చింది, నాయన దాన్ని గల్లాపెట్టె కింద పడేసి మరిచిపోయాడనే అనుకున్నాను. దాని చీటీ మీద, చెంపదెబ్బ సంగతంతా రాసి, 'మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉండేవారికి అన్నం తిన్నావా అని అడిగే పేజీ ఒకటో రకం' అని రాశాను. అత్త ఆ చీటీ చదివి మా ఇంటికి గిన్నెడు పాయసం పంపింది. ఏడాది తిరిగేసరికి అంగట్లో జనం, "పాప చీటీ ఉండాదా?" అని అడిగి పుస్తకం తీసుకోవడం మొదలుపెట్టారు. మామతో కొట్లాడి పోయిన ఆ ముగ్గురూ అందులో ఉన్నారు! నేను అంగడి ముందు నడిచిపోతుంటే కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అక్కడి నుంచి తిరుపతికి వచ్చి ఎమ్మే తెలుగు చదివాను, పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పాను, నేను పిల్లలకు చెప్పిన విమర్శ సూత్రాలన్నీ ఆ అరుగు మీద నాయన చెప్పిన మూడు వాక్యాలే.

టీవీలొచ్చి, బాడుగ పుస్తకాలు అడిగేవారు తగ్గి, ఎనభైలు ముగిసేసరికి మామ అంగడి మూసేశాడు. కబురు పెడితే వెళ్ళాను. నా చీటీలున్న పుస్తకాలు ఒక కట్ట కట్టి ఉంచాడు, తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి నాయన పోయి రెండేళ్ళు. ఇంటికి తెచ్చుకుని ఆ ప్రేమనవల చివరి కాగితం తిప్పితే, నా పెన్సిలు రాత కింద, మండీలో మూటల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలు కనిపించాయి. చీటీ మొదట్లో ఉండడం వల్ల, చివరి కాగితం నేను మళ్ళీ ఎన్నడూ తిప్పి చూడలేదు.

'కడదాకా సదివినాను. పాప చెప్పింది నిజం. దాణాకే. వాడి చెల్లెలు కత సగంలో వాకిలి దాటి పోయినాది, మళ్ళా ఇంటికి వచ్చినట్టు యాడా రాయలేదు.'

వెంటనే నవల మొదటి నుంచి తిరగేశాను. నిజమే! రెండుసార్లు చదివి కూడా నాకు కనపడని లోపం అది. జన్మలో ఒక్క నవల కూడా చదవని మనిషి, కూతురు కట్టిన రకం సరైనదో కాదో చూడడానికి, బెల్లం మూటల మధ్య కూర్చుని పది రోజులు కూడబలుక్కుని నాలుగు వందల పేజీలు చదివాడు. ఇంటికి రాని ఆ పిల్ల కోసం బెంగ పెట్టుకున్నాడు. ఒక్కనాడైనా నాతో అనలేదు.

ఆదివారం ఆ కాగితాన్ని మనవరాలికి చూపించాను. అది చాలాసేపు చూసి, తన నవల మళ్ళీ తెరిచింది, నలభై ఒకటో పేజీ దగ్గర. ఇవాళ అభిప్రాయాలకేం కరువు, వేలి కొనతో ఎన్నయినా రాలుతున్నాయి. మనం చెప్పిన మాట నిజమో కాదో చూద్దామని పుస్తకమంతా చదివే నాయన మాత్రం లేడు.