మా పేట పెద్ద గొంతు

దగ్గరికి జరిగి కూర్చోండి, పొయ్యి మీద పని తరవాత చూసుకోవచ్చు. మా పేటకు రేవు ఎలా పోయిందో చెబుతాను.

మాది ధవళేశ్వరం దిగువన, గోదావరి గట్టున చేపలు పట్టుకుని బతికే పేట. మా ఆయనే పేట పెద్ద. పెద్ద నోట మాట వచ్చాక "నిజమేనా?" అని తిరిగి అడగడం మాలో తప్పు.

ఆయన గొంతులో గడ్డ లేస్తే తీయించడానికి రాజమండ్రి తీసుకెళ్లాను. పది రోజులు నోరు విప్పొద్దన్నారు డాక్టర్లు. వార్డు టీవీలో ఏఐ చేసిన బొమ్మ ఒకటి పట్టుచీర కట్టుకుని వార్తలు చదివేది. "రెప్ప కూడా ఆర్పుతుందండోయ్!" అని పక్క మంచం ఆవిడ మురిసిపోయింది. నేనూ మురిశాను. ఆ వెనకే నలుగురు పెద్దమనుషులు కూర్చుని, అది ఉద్యోగాలు తినేస్తుందా, లోకాన్ని ఏలేస్తుందా అని అరుచుకునేవారు. దాన్ని అదుపులో పెట్టేదెవరు, మాలాంటి వాళ్లను అడిగేదెవరు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

ఆ పది రోజులూ అయ్యాక ఇంటికొచ్చేసరికి రేవులో మా పడవలు లేవు. షికారు బోట్ల వాళ్లు కంచె వేస్తున్నారు.

"ఏంట్రా ఇది?" అని మరిదిని నిలేశాను.

"అన్నయ్యే కద వదినా! షికారు బోట్లకి రేవు ఇచ్చేద్దాం, గ్రామసభలో చేతులెత్తండి అని ఫోన్లో మాట పంపాడు. అందరం ఎత్తేశాం."

వినిపించాడు. మా ఆయన గొంతే. మధ్యలో దగ్గు కూడా ఆయనదే.

"నేను చెప్పలేదర్రా," అన్నారాయన. గొంతు బొంగురుపోయి సగం గాలే వచ్చింది.

"ఇది మా పెద్ద గొంతులా లేదమ్మా, ఫోన్లోదే ఆయనది," అంది ఓ ముసలామె. వెటకారానికి కాదు, నిజంగానే.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, అది టీవీ బొమ్మలాగే మిషను చేసిన గొంతని కార్యదర్శికి చెప్పాం.

"గొంతు మిషనుదే అనుకుందామండి. ఎత్తిన చేతులు మీవే కదండి! తీర్మానం అయిపోయింది."

"మరి ఆ మిషనుకి తీర్మానం ఎవరు చేస్తారండి?"

"అది మన చేతిలో లేదమ్మా," అన్నాడు, కాగితాలు సర్దుకుంటూ.

టీవీ వాళ్లూ వచ్చారు. ఆయన చేత ఫోను పక్కనే అదే మాట మూడుసార్లు చెప్పించారు. మర్నాడు దెయ్యాల సినిమా సంగీతం పెట్టి, "ఏది అసలు? ఏది నకిలీ? కనిపెట్టండి!" అని వేశారు. రేవు ఊసే లేదు.

ఇప్పుడు పడవలు ఎగువన ఎక్కడో కట్టుకుని, చేపల తట్టలు గట్టు వెంట మోసుకొస్తున్నాం. ఆయన గొంతు నయమైంది. మాట్లాడటమే మానేశారు.

మీ ఇంటి పెద్దలు చల్లగా ఉండాలి. వాళ్లేదో అన్నారని ఎవరైనా చెబితే, తప్పనుకోకుండా వచ్చి ఎదురుగా కూర్చుని అడిగే పిల్లలు మీ ఇంట పుట్టాలి.