సీ త్రీ తగ్గిందని చప్పట్లు కొట్టిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ముందే ఒప్పుకుంటున్నాను, నా నోటికి కొలత లేదు, నేను చెరువు అంటే మీరు బకెట్ అనుకోండి. ఈ సాక్ష్యంలోనూ ఒక అబద్ధం ఉంది, అదేదో చివర్లో నేనే చెబుతాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను నాచారంలో సీసా మూతల ఫ్యాక్టరీలో పని చేసేవాడిని. ఉప్పల్‌లో మా ఇల్లు ఎంత ఇరుకంటే, లోపల మేం తుమ్మితే పక్కింటివాళ్ళు ముక్కు తుడుచుకునేవారు! ఆ ఇంట్లో నా భార్య రూతమ్మకు లూపస్ జబ్బు వచ్చింది. బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, వేళ్ళ కీళ్ళు వాచిపోయి జడ కూడా వేసుకోలేకపోయేది. ఒంటిని కాపాడే శక్తే ఒంటి మీద తిరగబడిందనీ, కిడ్నీలకు పాకితే ప్రాణానికే ముప్పనీ, అందుకే రక్తంలో సీ త్రీ అనే ప్రొటీన్‌ను చూస్తూ ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది. అది పెరగాలో తగ్గాలో నేను అడగలేదు. ఎందుకడుగుతాను సహోదరులారా! షుగర్ తగ్గాలి, బీపీ తగ్గాలి, జ్వరం తగ్గాలి. పెరగాలని మనం ప్రార్థించేది సంఘం ఒక్కటే కదా!

ఉపవాస ప్రార్థనలో అందరం మొరపెట్టాం. "ప్రభువా, సీ త్రీని తగ్గించు! పాతాళానికి తొక్కెయ్యి!" పాస్టరయ్య గొంతుకు నాచారం చౌరస్తాలో సిటీ బస్సు ఆగిపోయింది!

తర్వాతి రిపోర్టులో సీ త్రీ సగానికి పడిపోయింది. నేను ఎగిరి గంతేశాను.

"డాక్టరమ్మకు సూపియ్యకుండనే సాక్ష్యమేందయ్యా? నా కాళ్ళు సూడు, ఎట్ల ఉబ్బినయో" అంది రూతమ్మ.

"నీకు విశ్వాసం తక్కువ. గదే నీ రోగం" అన్నాను.

ఆదివారం ఆ కాగితం ఎత్తి చూపిస్తే, మీరంతా చప్పట్లు కొట్టారు.

సోమవారం డాక్టరమ్మ అదే కాగితం చూసి కుర్చీలోంచి లేచింది. "దీనికి నవ్వుతున్నరా? ఇది తగ్గొద్దు, పెరగాలె! పుట్టుకతోనే మన రక్తంల కావలి కాసే ప్రొటీన్లు ఇవి, క్రిములొస్తే కొడ్తయి. ఈ జబ్బొస్తే సొంతింటి మీదనే పడి ఖర్చయిపోతయి. రక్తంల ఎంత తక్కువ మిగిలితే, లోపల అంత కొట్లాట. ఈ వాపు సూస్తే కిడ్నీలకు తగిలినట్టుంది. ఇయ్యాల్నే చేర్పించున్రి."

పాస్టరయ్యకు ఫోన్ చేశాను. ఫోన్‌లో నేను ఏడ్చిన ఏడుపుకు మల్కాజిగిరిలో రైలు పట్టాలు కదిలాయి. "అయ్యగారూ, మనం అడిగినందుకే తగ్గిందా?"

"అరె తమ్మీ, మనం కిందికి అంటే దించనీకె, మీదికి అంటే ఎత్తనీకె దేవుడు లిఫ్టు నడుపుతుండా? రూతమ్మ మంచిగుండాలెననే గద అడిగినం? గదే ఇంటడు. ఫికర్ జెయ్యకు."

ఆ మాటతో నాలో విశ్వాసం లేచింది. వార్డు బయట మోకరించి సింహంలా గర్జించాను, "సీ త్రీని పెంచు ప్రభువా, హిమాలయాల మీదికి ఎక్కించు!" నర్సులు సైతం ఆమేన్ అన్నారు.

గట్టి మందులు మొదలుపెట్టారు. పరీక్ష మీద పరీక్ష చేసినా ఆ అంకె కదల్లేదు. రూతమ్మ మొహం ఉబ్బి, కళ్ళు గీతల్లా అయ్యాయి. లాబ్ కౌంటరు దగ్గర కాగితం చేతికిస్తే మడత విప్పలేక, పాత కాగితంతో కలిపి వెనకాల నిలబడ్డ అపరిచితుడికిచ్చి చదవమన్నాను. "పాత దానికంటె జర పెరిగినట్టుందన్నా" అని అతను జాలిగా చూశాడు. నేను అతన్ని ముద్దుపెట్టుకున్నాను! ఆ తర్వాత వాపు దిగింది, కిడ్నీలు నిలిచాయి. రూతమ్మ ఇప్పటికీ మాత్రలు వేసుకుంటుంది, పరీక్షలకూ వెళ్తాం. అదుగో, సహోదరీల వరుసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తోంది!

ఇక ఆ అబద్ధం. బస్సు ఆగింది నిజమే, అక్కడ స్టాపు ఉంది. పట్టాల సంగతి మీరే సగం తగ్గించుకుని ఉంటారు. కానీ వార్డు బయట నేను చేశానన్న ప్రార్థన ఉందే, అది పూర్తిగా కల్పితం. ఆ పూట నాకు నోరు పెగల్లేదు. మంచం పక్కన కూలబడితే, సెలైన్ సూది ఉన్న చేతినే నా తల మీద పెట్టి రూతమ్మ ప్రార్థించింది. "అయ్యా, ఈ మనిషి ఊకుంటే నాకు భయమైతుంది. ముందుగాల ఈయన నోటికి మాటియ్యి."

తప్పుగా అడిగినా, అసలు అడగలేకపోయినా వినే దేవుడాయన. మీరూ ఆయన్ని నమ్మండి. ఆ రోజు ఆమె అడిగి ఇప్పించిన మాటతోనే ఇంతసేపు మాట్లాడాను. దేవునికే మహిమ.