చాయ్ ఒలకబోసింది ఎవరు

నలుగురిని నవ్వించడం ఒక పని అని, దానికి జనం టికెట్టు కొనుక్కుని మరీ వస్తారని ఆ రోజుల్లో ఎవరైనా అంటే మా పాతబస్తీలో ఆ మాటకే అందరూ నవ్వేవారు. ఇప్పుడు టీవీలో హాస్యగాళ్లు కాలు మీద కాలు వేసుకుని, పేరొచ్చాక జీవితం ఎట్లా మారిందో, ఇంట్లో వాళ్లు ఏమంటారో దాచకుండా చెప్పుకుంటున్నారు. అవి వస్తే నేను కుర్చీలో కుదురుగా ఉండలేను. లేచి గుమ్మం దాకా నడిచి మళ్లీ వస్తాను. "జర కూసోరాదు, తల తిరుగుతుంది నాకు" అంటుంది మా ఆవిడ. కూర్చుంటే నేనూ నా సంగతి చెప్పాల్సి వస్తుందని భయం. ఇన్నేళ్లు తప్పించుకుని తిరిగాను, ఇక చెప్పేస్తాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బహదూర్‌పురా దగ్గర జూలో జంతువులకు మేత తూచి ఇచ్చే పని. ఎనిమిదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు గాని, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎంతమంది ఉన్నారో, ఎన్ని అడుగులు నడిచానో, ఎంతసేపు పట్టిందో నా బుర్ర నన్నడగకుండానే లెక్కపెట్టేది (ఇప్పటికీ అంతే, మెట్లెక్కితే ఎన్నో చెప్పగలను, ఎందుకెక్కానో మర్చిపోతాను). సెలవు రోజుల్లో మాత్రం నేను కమెడియన్‌ని. నా జోడీ రేడియో భాయ్. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే ఉద్యోగం ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. రేడియో ముల్లు తిప్పితే వచ్చే గరగర, మధ్యలో సగం పాట, సగం వార్తలు, సగం నాటకం, అన్నీ ఒక్క నోటితో చేసేవాడు. నన్ను 'మునీంజీ' అని పిలిచేవాడు, దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాను పిలిచినట్టు.

మా పని పెళ్లిళ్లలో, అదీ పట్టపగలు. తలంబ్రాలు అయిపోతాయి, జనానికి ఆకలేస్తుంది, వంట ఇంకా కాదు. ఆ సందులో వాళ్లు లేచి వంట దగ్గరికి పోయి లొల్లి పెట్టకుండా కూర్చోబెట్టాలి. వంటాయన డేక్సాల పక్కన నిలబడి గంటె పైకెత్తి చూపిస్తే వంట అయినట్టు. ఆ క్షణం మేము ఏ జోకు మధ్యలో ఉన్నా ఆపేయాలి. ఆపక్కర్లేదు కూడా, ఆ గంటె కనపడ్డాక మా మొహం ఎవరూ చూడరు. మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాల సరుకు ఉండేది మా దగ్గర. ఏ జోకుకి జనం ఎంతసేపు నవ్వుతారో నేను మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాణ్ణి. భాయ్ రేడియో ముల్లు తిప్పుడుకి ఏడు దాకా వచ్చేది. నావి నాలుగు దాటేవి కావు. ఆ మూడింటి తేడా నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

ఆ ఆదివారం నాకు పెళ్లిచూపులు. నాతోపాటు జూలో గడ్డి బండి తోలే ఆయన్ని మేమంతా గడ్డి మామ అనేవాళ్లం. పిల్ల ఆయన అక్క కూతురు. హుస్సేనీ ఆలంలో ఇల్లు, తండ్రి బస్సు డిపోలో మెకానిక్. నేను కొత్తగా కుట్టించిన తెల్ల ప్యాంటు వేసుకుని పోయాను. ఆమె చాయ్ తెచ్చింది. నేను కప్పు అందుకుంటూ ఆమె మొహం వైపు చూశాను, కప్పు పక్కకు ఒరిగింది, చాయ్ మొత్తం మోకాలి మీద పడింది. వాళ్ల నాన్న పరుగున పోయి తువ్వాల తెచ్చి ఇచ్చాడు. మిగతా పెళ్లిచూపులంతా మోకాలి మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాను. నా ఇబ్బంది పోగొట్టాలని కాబోలు ఆయన, "ఏనుగు దినాం ఎంత తింటది బిడ్డా?" అని అడిగాడు. నేను గడ్డి వేరుగా, ఆకు వేరుగా, బెల్లం వేరుగా విడదీసి కిలోల్లో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆపలేదు, నేనూ ఆగలేదు. పోతున్నప్పుడు ఆమె ఒక్క మాట అడిగింది: "చక్కెర సరిపోయిందా?" నేను తాగిందే లేదు. "సరిపోయింది" అన్నాను. ఆమె కొంగుతో నోరు మూసుకుంది.

ఆ పిల్ల కావాలని నాకు అప్పుడే తెలిసిపోయింది. జవాబు శుక్రవారం చెప్తామన్నారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా అంటే ఐదు రోజులు. సోమవారం పని దిగగానే బహదూర్‌పురా నుంచి పత్తర్‌గట్టి దాకా నడిచాను. తిరిగి వచ్చాను. మళ్లీ నడిచాను. మూడోసారి దుకాణం ముందు నుంచి పోతుంటే రేడియో భాయ్ బయటికొచ్చి రెక్క పట్టుకుని ఇరానీ హోటల్లో కూలేశాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పిల్ల వాళ్లకు నీ ప్రోగ్రాముల సంగతి తెలుసా?"

"గడ్డి మామ చెప్పిండు. వాళ్లకేం ఫికర్ లేదన్నరు. మంచిదే గదా భాయ్, పేరుంటది."

"పేరా!" భాయ్ చాయ్ సాసర్లోకి ఒంపుకున్నాడు. "పేరంటే ఏందో చెప్తా విను మునీంజీ. మొన్న మా గల్లీల పెద్దాయన పోయిండు. నన్ను చిన్నప్పటి సంది ఎత్తుకున్న మనిషి. పాడెకు భుజం పట్టనీకి పోయిన. నన్ను చూసి ఒకడు నవ్విండు. వాన్ని చూసి ఇంకొకడు. నేను నిజంగ ఏడుస్తున్న మియా! అది గూడ యాక్టింగే అనుకున్నరు. ఆఖరికి పెద్దాయన కొడుకొచ్చి, 'భాయ్, జర దూరం నిలబడు' అన్నడు."

"ఇంట్ల?"

"ఇంట్ల నేను సప్పుడు చెయ్య. గొంతు మిగల్చుకోవాలె గదా. మీ భాభీ ఏమంటదో ఎరికేనా? 'ఊరందరికి రేడియో, నాకు మాత్రం ఖాళీ డబ్బా.'"

నేను పగలబడి నవ్వాను. ఆయన సాసరు కింద పెట్టి నా వంక చూశాడు. "చూసినవా? నువ్వు గూడ!" అన్నాడు. సాసరు మళ్లీ అందుకుని అన్నాడు: "ఒక్క మాట యాదుంచుకో. ఇంటి ముచ్చట స్టేజీ ఎక్కియ్యకు. ఒకసారి ఆమె గురక తీసి చూపించిన. మస్తు నవ్విండ్రు. ఆమె నలభై దినాలు పుట్టింట్ల ఉండె. ఆ నలభై దినాలు ఇంట్ల గురక లేక నాకు నిద్ర రాలే." ఈసారి నేను నవ్వు ఆపుకున్నాను. ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

బుధవారం బహదూర్‌పురాలో ఒక పెళ్లి, జూలో సెలవు పెట్టి పోయాను. ఖాళీ జాగాలో షామియానా, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, మధ్యలో కనాతు (గుడ్డ గోడ అన్నమాట). చుట్టుపక్కల ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు కూడా మా పెళ్లిళ్లకు వచ్చేవారు కనుక మా వైపు అది మామూలే. అవతలి నవ్వు వినపడేది గాని మనుషులు కనపడేవారు కాదు. అందుకే నేను లెక్కపెట్టే మనుషుల్లో వాళ్లు ఎప్పుడూ ఉండేవారు కాదు. మగవాళ్ల వైపు నూట పన్నెండు మంది. అందులో నేను చూసొచ్చిన పిల్ల తరఫు వాళ్లు ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను.

నేను జూ పనిలో ఉండగా రెండు రోజుల్లో నాలుగు పెళ్లిళ్లు ఒక్కడే చేసిన రేడియో భాయ్ గొంతు ఇరవయ్యో నిమిషంలో పోయింది. రేడియో ముల్లు తిప్పాడు, గరగర తప్ప ఏ స్టేషనూ రాలేదు. మిగతా సరుకంతా నేనొక్కణ్ణే పరుగు మీద చెప్పాను. ముప్పై ఎనిమిది నిమిషాలూ అయిపోయాయి. వంటాయన వైపు చూస్తే, తెల్లవారుజామున వానకు కట్టెలు తడిసి పొయ్యి నిండా పొగ, ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. గంటె కిందే ఉంది. ముందు వరసలో ఒకాయన లేచాడు. వెనక నుంచి "ఏయ్, అయిపోయిందా దుకాణం?" అని కేక. ఇంకో ఇద్దరు లేచారు. నా అరికాళ్లు ఒక చోట నిలబడడం లేదు. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది: "మొన్న ఐతారం నేను పిల్లను చూడనీకి పోయిన..."

లేచినవాళ్లు కూర్చున్నారు.

పక్క నుంచి భాయ్ వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఏనుగు మేత చెప్పాను, ఐదు వచ్చింది. వాళ్ల నాన్న మొహం పెట్టి చూపించాను, ఆరు. తర్వాత చాయ్ దగ్గరికి వచ్చాను. అక్కడ ఒక్క క్షణం ఆగాను. చాయ్ నేను ఒలకబోసుకున్నాను అంటే నాలుగుకి మించదు, నా మోకాలు నాకు తెలుసు. పిల్ల ఒలకబోసింది అంటే? పిల్ల నన్ను చూసి వణికిపోయింది, ట్రే గలగలలాడింది, కప్పు బోర్లా పడింది, వాళ్ల నాన్న తువ్వాలతో నేల తుడిచాడు, పిల్ల గోడకు అతుక్కుపోయింది అని చేసి చూపించాను. తొమ్మిది! నా జీవితంలో మొదటిసారి తొమ్మిది. భాయ్ ఏడు దాటేశాను. ఆ నవ్వు తగ్గుతుండగా కనాతు అవతలి నుంచి ఒక గొంతు, తొందరేమీ లేకుండా వచ్చింది.

"చాయ్ ఒలకబోసుకున్నది నువ్వు. తెల్ల ప్యాంటు."

అంతే అన్నది. "చక్కెర సరిపోయిందా" అన్న గొంతే.

షామియానా ఊగిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి మొదలై కనాతు దాటి మగవాళ్ల మీద పడింది నవ్వు. ముసలాయన ఒకడు పక్కవాడి వీపు చరుస్తున్నాడు. నేను అలవాటుగా లెక్కపెడుతున్నాను. పద్నాలుగు దగ్గర లెక్క తప్పింది. నాకు లెక్క తప్పడం అదే మొదలు.

"ఎవరు బిడ్డా నువ్వు?" అని అవతల ఒకావిడ అడుగుతోంది.

"వచ్చి చూసి పోయిండు గదా, ఆ పిల్లనే. పెళ్లిపిల్ల నా దోస్తు, అందుకు వచ్చిన." తర్వాత గొంతు కొంచెం పెంచి నాతో, "తువ్వాల ముచ్చట గూడ చెప్పరాదు? ఎవరి మోకాలు మీద ఉండెనో?"

నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. ఎన్నో పెళ్లిళ్లలో ఎవరెవరో అడ్డు తగిలినప్పుడు జవాబులు చెప్పినవాణ్ణి. ఇప్పుడు మాత్రం "నాదే" అన్నాను. మళ్లీ నవ్వు. అది జోకుకి కాదు, నన్ను చూసి నవ్విన నవ్వు. అంతకుముందు నవ్వులన్నీ కూడా అవేనేమో, నాకు అప్పుడే తట్టింది. వంటాయన గంటె ఎత్తాడు. పొగలో నిలబడి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు పాపం, ఒక్కరూ లేవలేదు. ఆమె ఇంకేమంటుందో అని అందరూ కనాతు వైపే చూస్తున్నారు.

గురువారం నేను ఏం తిన్నానో, ఏ జంతువుకి ఏం తూచానో తెలియదు. జింకల మేత కోతులకు పోయిందని ఎవరో అరిచారు. సాయంత్రం హుస్సేనీ ఆలం గల్లీ మొదటి దాకా పోయాను, ఏడుసార్లు. లోపలికి పోయి తప్పు నాది అని చెప్పాలని ప్రతిసారీ అనుకున్నాను. ప్రతిసారీ ఆ మాట బాగా చెప్పాలని, మొదటి వాక్యం ఎట్లా ఉంటే వాళ్లు నవ్వుతారో అని ఆలోచన మొదలయ్యేది. క్షమాపణకి కూడా జోకు వెతుక్కునే మనిషిని అయిపోయానని భయమేసి వెనక్కి తిరిగేవాణ్ణి.

శుక్రవారం గడ్డి మామ బండి దిగకుండానే పిలిచాడు. నేను తూకం రాయి చేతిలో పట్టుకునే పోయాను.

"మా బావకు నువ్వు నచ్చినవ్ రా" అన్నాడు. "ఏనుగు లెక్క అంత సక్కగ చెప్పినోడు ఇల్లు సక్కగ చూసుకుంటడు అన్నడు. తన మీద నీ యాక్టింగు సంగతి తెల్సి గూడ కోపానికి రాలే. మా అక్కకు గూడ నచ్చినవ్."

"పిల్లకు?"

మామ బండి మీంచే ఎద్దు వీపు నిమిరాడు. "పిల్ల ఒక్క మాట అన్నది. అన్నది అన్నట్టు చెప్పమన్నది. 'ఒక్క ఇంట్ల నవ్విచ్చెటోళ్లు ఒక్కరు సాలు మామా. నేనున్న గదా, ఇంకొకడెందుకు?'"

నేను నవ్వాను. గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వాను. ఎంత బాగా చెప్పింది, ఎక్కడ ఆపింది చూడు, అనుకుంటూ నవ్వాను. మామ నా వంక వింతగా చూస్తున్నాడు. "అరే, వద్దన్నది రా" అన్నాడు మెల్లగా. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. నవ్వు ముందు వచ్చింది, సంగతి వెనక వచ్చింది. చేతిలో రాయి ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు.

రేడియో భాయ్‌కి చెబితే గొంతు లేని గొంతుతో ఒకటే మాట అన్నాడు: "నలభై దినాలతోని పోయింది నాది. నీది మొత్తానికే పాయె." ఆ తర్వాత రెండేళ్లకు నాకు వేరే సంబంధం కుదిరింది. మా ఆవిడ మంచిది, నా జోకులకు నవ్వదు, నేను లేనప్పుడు వాటిని పక్కింటావిడకు చెబుతుంది. హుస్సేనీ ఆలం పిల్లకు ఎవరితో పెళ్లయిందో, ఆ ఇంట్లో నవ్వించేవాళ్లు ఒక్కరేనో కాదో తెలియదు. గడ్డి మామ వేరే ఊరికి పోయాడు, అడగడానికి మనిషి లేడు.

నేను దాచింది ఇది కాదు. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ తర్వాత పదకొండేళ్లు నేను ప్రోగ్రాములు చేశాను. ప్రతి పెళ్లిలోనూ ఒక జోకు తప్పకుండా చెప్పేవాణ్ణి. నన్ను ఒక పిల్ల వాళ్లు బతిమాలినట్టు, "ఒక్క ఇంట్ల నవ్విచ్చెటోళ్లు ఒక్కరు సాలు, నేనున్న గదా" అని నేనే వద్దన్నట్టు! మళ్లీ తలకిందులు చేశాను చూశారా, బుద్ధి రాలేదు. ఒక్కసారి కూడా అది గురి తప్పలేదు. నాకు వచ్చిన కొద్దిపాటి పేరంతా ఆ మాట వల్లనే వచ్చింది. అది ఎవరిదో ఇవాళే మొదటిసారి చెప్తున్నాను.

ఆ మాట అన్నాక నేను ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాణ్ణి, కనాతు వైపు తిరిగి. అటునుంచి ఎవరైనా సరిదిద్దుతారేమోనని. ఎవరూ దిద్దలేదు. జనానికి ఇదంతా ఏం తెలుసు, "మునీంజీ, ఆ ఆగుడు ఉన్నది చూడు, అది నీకే వస్తది" అని మెచ్చుకునేవారు. నేను తల వంచి సలాం చేసేవాణ్ణి.