లోన్ పాసైంది, నంబరు ప్లేటు ఫెయిలైంది

మా శ్రీనుకు లారీ లోన్ పాసైంది. పొద్దున ఫోన్ రాగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్లూ ఒకరి బండి నడిపిన కొడుకు ఇక ఓనరు అనుకున్నాను.

డబ్బు ఇచ్చే ముందు లారీ ఫొటో తీసుకోవడానికి ఫైనాన్స్ ఆయన ఎల్బీనగర్ వచ్చాడు. అడ్వాన్సు ఇచ్చి తెచ్చుకున్న పాత లారీ అది. మావాడు తెలంగాణ ఉద్యమం మీది ప్రేమతో ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాయించాడు.

"కాగితాల్లో ఏపీ ఉందండి. ఇది వేరే బండి అవుతుంది" అన్నాడాయన.

"ఏపీ రాస్తే హయత్‌నగర్ల పోరగాళ్లు ఆపుతరు, టీజీ రాస్తే మీరు ఆపుతున్నరు. ఎట్ల సార్?" అన్నాడు శ్రీను.

ప్లేటు మార్పిస్తామన్నా ఫైనాన్స్ ఆయన వినలేదు, బంద్‌లు అయ్యాకే వస్తానని వెళ్లిపోయాడు. అంతవరకు ఆగనని లారీ అమ్మేవాడు తాళాలు వెనక్కి తీసుకున్నాడు. మీరైతే ఏం రాయించేవారో చెప్పండి.

లోన్ పాసైన మాట మాత్రమే మన్సూరాబాద్ అక్కకు, పెద్ద అంబర్‌పేట్ బావకు, మా వియ్యపురాలికి చెప్పండి. కోడలు లారీ వస్తుందని హారతి పళ్లెంతో గేటు దగ్గర నిలబడి ఉంది. లారీ పోయిన మాట ఆమెకు నేనే చెప్పాలి.