నెల ముందరి నోటీసు

ఉదయగిరిలో ట్యూటోరియల్ నడిపిన మా కరస్పాండెంటు గారు ఏ చిక్కు ప్రశ్న ఎదురైనా కళ్లు మూసుకొని ప్రార్థనకు దిగేవారు. దేవుడికి అంత పని కల్పించిన యజమానిని నేను మరొకరిని ఎరుగను.

తొంభైల్లో అక్కడ ఏడాది ఒప్పందం మీద ఇంగ్లీషు చెప్పాను. మధ్యలో మానిపిస్తే నెల ముందు నోటీసైనా, నెల జీతమైనా ఇవ్వాలని కాగితంలో ఉంది. జనవరి చివర్లో సిలబస్ పూర్తి కాగానే రేపటినుంచి రావద్దన్నారు. బి.ఎడ్. ఫీజుకు ఆ నెల జీతమే నాకు దిక్కు. మర్నాడే మా ఊరు ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి వెళ్లి ఆ కాగితం ఆయన ముందుంచాను.

“నోటీసు ఎప్పుడిచ్చారు సార్?”

“క్రిస్మస్ ఆరాధనలో ఇచ్చినాను గదయ్యా. మన ఇంగ్లీషు మాస్టరుకి వేరే చోట మంచి ఉద్యోగం దొరకాలని సంఘమంతా ప్రార్థన చేసినాం. ముందు వరసలో నిలబడి నువ్వే గట్టిగా ఆమేన్ అంటివి.”

నిజమే, ఆమేన్ అన్నాను. ఆశీర్వాదమనుకొని చేతులు జోడించి మరీ అన్నాను.

“మరి నా ఫీజు సంగతేంది సార్?”

“దానికి గూడా ప్రార్థన చేద్దాంలే,” అంటూ ఆయన కళ్లు మూసుకున్నారు. ప్రార్థన ముగిసేదాకా నేను ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆమేన్ కూడా ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.