ఇస్మానీ చేతి జావ

కొట్లో వరుసలో నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు "మ్యావ్" అనేవారు. ఇస్మానీ తిరిగి చూసేది కాదు. పాలు, రొట్టె తీసుకుని, డబ్బిచ్చి బయటికి వచ్చేసేది. అమెరికాలో, ఒహాయోలోని మా ఊళ్లో, హైతీనుంచి వలస వచ్చిన మాలాంటివాళ్లు పెంపుడు పిల్లుల్ని వండుకు తింటున్నారన్న పుకారు ఫోన్లలో తిరుగుతున్న రోజులవి.

"ఒక్క మాటా అనవేం అక్కా?" అని నేను మండిపడేదాన్ని.

"వాడితో అరుస్తూ కూచుంటే నా డ్యూటీకి నువ్వెళ్తావా పిల్లా?" అనేది.

ఆమె డ్యూటీ వృద్ధాశ్రమంలో. నేనూ అక్కడే బట్టలు ఉతికే గదిలో పనిచేస్తాను. పక్షవాతంతో మాట పడిపోయిన బెవర్లీ అనే పెద్దావిడ ఇస్మానీ తినిపిస్తే తప్ప నోరు తెరిచేది కాదు. అందుకని ఇస్మానీ ఇంట్లో అరటికాయ, కొబ్బరిపాలు, దాల్చినచెక్క వేసి జావ కాచి తెచ్చేది. మావాళ్లలో జబ్బుపడ్డవాళ్లకు పెట్టేది అదే. డాక్టరు సరే అన్నాడు. బెవర్లీ కూతురు కార్లా అయితే రుచి చూసి, ఎలా కాచాలో కూడా అడిగి తెలుసుకుంది.

ఒకరోజు అదే కార్లా ఫోనుకు ఫోటో ఒకటి వచ్చింది. ఇస్మానీ చెయ్యి, గిన్నె, బెవర్లీ తెరిచిన నోరు. కింద రాత: "మన పెద్దవాళ్లకు వీళ్లు ఏం మాంసం తినిపిస్తున్నారో!" తీసినవాళ్లెవరో ఈనాటికీ తేలలేదు.

"ఆ మనిషి మా అమ్మను ముట్టుకోడానికి వీల్లేదు," అంది కార్లా మేనేజరుతో.

"మీరూ తిన్నారు కదమ్మా," అంది ఇస్మానీ.

"నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"పొగబెట్టినవాళ్లూ ఆ మాటే అంటారు."

మేనేజరు ఆమెను బట్టలు ఉతికే నా గదికి మార్చేశాడు. బెవర్లీ తిండి మానేసింది. ఎవరు చెంచా తెచ్చినా పెదాలు బిగించేది. చివరికి మేనేజరే మా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"కూతురు లేనప్పుడు వెళ్లి నాలుగు చెంచాలు పెట్టిరా. ఎవరికీ చెప్పకు."

"చాటుగా పెట్టడానికి నేనేమైనా దొంగతనం చేస్తున్నానా సార్? తలుపు తీసే పెడతాను."

"ఉద్యోగం పోతుంది."

"ముందు ఆవిడ కడుపు సంగతి చూద్దాం."

మర్నాడు తలుపు బార్లా తీసి కూచుంది. బెవర్లీ నోరు తెరిచింది. సగం గిన్నె అయ్యేసరికి గుమ్మంలో కార్లా!

"బయటికి నడు!"

"ఈ గిన్నె కానివ్వమ్మా. వెళ్తాను."

కార్లా ఇస్మానీ చెయ్యి పట్టి లాగింది. జావ దుప్పటి మీద ఒలికిపోయింది. ఆ దుప్పటి నేనే ఉతికాను.

సాయంత్రానికి ఇస్మానీ ఉద్యోగం ఊడింది. ఇప్పుడు ఊరవతల కోళ్ల ఫ్యాక్టరీలో చలికి చేతులు మొద్దుబారేలా మాంసం కోస్తోంది. బెవర్లీకి తిండి ఎక్కించడానికి ముక్కులో గొట్టం వేశారు. ఎవరి అడుగు వినపడ్డా కళ్లు గుమ్మంవైపు తిప్పుతుంది.

ఇలాంటి ఫోటో మీకు వస్తే ఊరుకోకండి. "నువ్వు చూశావా? ఎవరు చూశారు?" అని పంపినవాళ్లను అందరి ముందే అడగండి. మా ఆశ్రమంలో మీవాళ్లెవరైనా ఉంటే, ఇస్మానీని ఏ తప్పుకు తీసేశారో ఈ వారమే వెళ్లి నిలదీయండి. ఆమెను వెనక్కి పిలవమనండి. ఆలస్యం చేస్తే ఆ ముసలావిడ గొట్టంతోనే పోతుంది.